కూత లేని దగ్గు

టీకాల పనిలో కొత్తగా చేరినవాళ్ళు నా దగ్గరికి వచ్చి మొదట అడిగేది సైకిలు ఇస్తారా అని. ఇవ్వరు. ఇచ్చినా, వాన పడిన నాడు నల్లరేగడి చేలల్లో మీరు దాన్ని ఎక్కడం ఉండదు, అదే మీ భుజం ఎక్కుతుంది. నడవండి. నేను ముప్పై మూడేళ్ళు నడిచాను, సగం కాలం కర్నూలు జిల్లాలో, సగం కాలం కడప జిల్లాలో. కాళ్ళు ఇంకా పనిచేస్తున్నాయి.

పల్లెల్లో తల్లులు అడిగేది వేరు. "ఇది ఎన్నాళ్ళు పనిచేస్తాది అప్పా?" అంటారు. అప్పటికి బిడ్డ ఏడుస్తుంటుంది, మీ చేతిలో టీకా కత్తి ఉంటుంది, వెనక ఇంకా పదిమంది నిలబడి ఉంటారు. ఆ తొందరలో నోటికి వచ్చిన జవాబు చెప్పేస్తాం. నేనూ చెప్పాను. ఆ జవాబు ఒక పసిబిడ్డ ప్రాణం మీదికి తెచ్చింది. ఈ ఉద్యోగం గురించి మీకు చెప్పవలసినవి చాలా ఉన్నాయి గాని, నేను కలం పట్టుకున్నది ముఖ్యంగా ఆ బిడ్డ సంగతి చెప్పడానికే.

విరిగిన మూలలు

నేను చదివింది ఐదో తరగతి. లెక్క మాత్రం ఎర్రగుంట్ల దగ్గర నాపరాతి గనుల్లో నేర్చుకున్నాను. మా నాయన అక్కడ బండలు కొలిచేవాడు. రైలు స్టేషనుకు పోయే ప్రతి బండకూ గజం కర్ర పెట్టి, పొడుగు వెడల్పులు కొలిచి, బొగ్గుతో దానిమీదే రాసేవాడు. బండ మూల విరిగి ఉంటే తక్కిన కొలతగాళ్ళు చూడనట్టు పోయేవారు. మా నాయన కూర్చుని ఆ విరిగిన మూలను కూడా కొలిచి, మొత్తంలోంచి తీసేసి, అక్కడ ఒక చిన్న గీత పెట్టేవాడు.

"ఆ గీత ఎవురు చూస్తారు నాయనా?" అని అడిగాను ఒకసారి.

"ఈడ ఎవురూ చూడరు. ఆ బండ పరిచేటోనికి ఆడ సందు మిగుల్తాది. వాడు ముందే తెలుసుకోవల్ల గదా."

ఎక్కడో మద్రాసులో ఎవరింట్లోనో గచ్చు పరిచే ముక్కూమొహం తెలియని మనిషి కోసం ఆయన ఎండలో కూర్చుని సందులు కొలిచేవాడు. అప్పట్లో నాకది చాదస్తంగా కనిపించేది. టీకాల శాఖలో మనిషి కావాలి, చేతిరాత గుండ్రంగా ఉండాలి, అంకెలు తప్పు పోకూడదు అని తెలిసినప్పుడు నేను వెంటనే కుదిరిపోవడానికి కారణం మాత్రం ఆ చాదస్తమే.

మహానందిలో మిఠాయి అంగడి

నా మొదటి ఇన్‌స్పెక్టరు ఖాదర్ సాహెబు. ఆరడుగుల మనిషి, గొంతు మాత్రం మెత్తన. నన్ను పేరుతో ఎప్పుడూ పిలవలేదు. నా లెక్కల పిచ్చి చూసి, చేరిన వారానికే "హిసాబు మాస్టరు" అన్నాడు.

మశూచి మందు మద్రాసు నుంచి సన్నని గాజు గొట్టాల్లో వచ్చేది. ఎండ తగిలితే పాడైపోతుంది. కొత్త కుండలో ఇసుక పోసి తడిపి, గొట్టాలను గుడ్డలో చుట్టి అందులో పెట్టుకుని నడిచేవాళ్ళం. ఆ కుండను సొంత బిడ్డల కంటే భద్రంగా మోశానని మా ఇంటామె ఇప్పటికీ దెప్పుతుంది. నిజమే. బిడ్డలు వాడిపోతే నీళ్ళు తాగి లేస్తారు, మందు లేవదు.

చేరిన రెండో ఏడు శివరాత్రికి నన్ను మహానందికి పంపారు. కోనేళ్ళలో మునిగి వచ్చే జనాన్నీ, అంగళ్ళవాళ్ళనూ పట్టి టీకాలు వేయాలి. ఒక మిఠాయి అంగడాయన చొక్కా చేయి పైకి లాగి నాలుగు మచ్చలు చూపించాడు. ఒక్కొక్కటి పావలా బిళ్ళంత.

"నాకు మా యమ్మ సంకలో ఉన్నప్పుడే ఏసినారప్పా. ఇంగ అమ్మవారు నా జోలికి రాదు. లడ్డు తీస్కో, నీకు పుణ్యముంటాది, ఇంగొకరిని పొడుచుకో పో."

నేను లడ్డు తిని, "పడింది" అని రాసుకుని ముందుకు పోయాను. రెండు నెలల తర్వాత ఆయనకు మశూచి వచ్చింది. ఒంటిమీద పదో పన్నెండో పొక్కులు, అంతే. పెద్ద బాధ లేదు కాబట్టి నాలుగు రోజులు అంగట్లో కూర్చుని మిఠాయి అమ్ముతూనే ఉన్నాడు. ఆ సందులో మరో ఇద్దరు పడకేశారు.

ఖాదర్ సాహెబు నన్ను అక్కడికి తీసుకుపోయి వాకిట్లో నిలబెట్టాడు.

"నువ్వు చెయ్యి చూసినావా?"

"చూశాను సాబ్. నాలుగు మచ్చలున్నాయి."

"ఎప్పటివి?"

"అది అడగలేదు సాబ్."

"అరె హిసాబు మాస్టరూ, మచ్చ మనిషితోపాటు గోరీ దాకా వస్తాది. మందు బలం కూడా వస్తాదనుకున్నావా? ఏ సంవత్సరమని అడగకుండా మచ్చలు లెక్కబెట్టడం దేనికి? రేపటినుంచి ఇంకో గడి గీసుకో."

ఆ రోజునుంచి నా సొంత పుస్తకంలో ఇంకో గడి గీసుకున్నాను, టీకా పడిన సంవత్సరం రాయడానికి. ఆఫీసువాళ్ళు ఎన్ని చేతులు అయ్యాయనే అడిగేవారు, సంవత్సరం ఎవరికీ అక్కరలేదు. నాకు మాత్రం అది దురదలాగా పట్టుకుంది. ఏడేళ్ళు దాటిన మచ్చ కనిపిస్తే బతిమాలో బెదిరించో మళ్ళీ వేసేవాణ్ణి. ఆ అంగడి సందులో తక్కిన ఇద్దరికి జబ్బు ఎలా పాకిందన్న సంగతి మాత్రం నా బుర్రకు ఎక్కలేదు. అది ఎక్కడానికి పాతికేళ్ళకు పైనే పట్టింది.

సున్నపు గుండ్రం

వాకిళ్ళమీద గుర్తు పెట్టడం కూడా ఖాదర్ సాహెబు నేర్పిందే. ఇంట్లో టీకా పడిన ఒక్కో బిడ్డకూ ద్వారబంధం మీద ఒక సున్నపు చుక్క. పిల్లలందరికీ అయిపోతే ఆ చుక్కల చుట్టూ గుండ్రం. ఊర్లోకి అడుగు పెట్టగానే ఏ ఇంట్లో పని మిగిలిందో వీధి మొదట్లోనే తెలిసిపోయేది. మన వైపు ద్వారబంధాలు నాపరాతివి, నల్లటి రాయి మీద తెల్లటి గుండ్రం బ్రహ్మాండంగా కనబడుతుంది.

సాహెబు పింఛను తీసుకున్నాక, నేను కమలాపురం వైపుకు బదిలీ అయ్యాక కూడా ఆ పద్ధతి వదల్లేదు. ఆడవాళ్ళకు గుండ్రమంటే మోజు పుట్టింది. పండక్కి గోడలకు సున్నం కొట్టుకుని, ద్వారబంధం కడిగి, నా గుర్తు ఒక్కదాన్ని వదిలేసేవారు. కొందరు పక్కన కుంకుమ బొట్టు కూడా పెట్టేవారు. "పక్కింటామెకు గుండ్రం చుట్టి నాకు చుక్కలే పెట్టినావే, నేనేం పాపం చేసినా?" అని ఒకామె నాతో వీధిలో జగడమాడింది. ఆమె చిన్న కొడుకు నన్ను చూసినప్పుడల్లా కొర్రల గాదెలో దాక్కునేవాడు, గుండ్రం ఎక్కడ చుట్టను? ఆ రోజు తల్లే వాణ్ణి గాదెలోంచి కాళ్ళు పట్టి లాగి తెచ్చింది.

పిల్లలకు పెళ్ళి సంబంధాలు చూడవచ్చినవాళ్ళు కూడా వాకిలి మీద గుండ్రం ఉందా అని చూసేవారని విని నేను గర్వపడ్డాను. జనం మన గుర్తును మనకంటే ఎక్కువగా నమ్మే రోజు వస్తుంది. ఆ రోజున జాగ్రత్త పడండి.

డాక్టరమ్మ సీసాలు

కోరింత దగ్గు మీరందరూ చూసిందే. జలుబులా మొదలవుతుంది. తర్వాత బిడ్డ ఊపిరి తీసే సందు లేకుండా దగ్గి, దగ్గి, చివర కూత పెట్టినట్టు గాలి లాగుతుంది, ముద్ద కక్కేస్తుంది. నెలల తరబడి ఇంతే. గాడిద పాలు తాగించేవారు. గాడిదను తోలుకుని వీధుల్లో తిరిగేవాడికి ఆ సీజన్లో తీరిక ఉండేది కాదు. పాలవల్ల హాని లేదు, మేలు నేను చూడలేదు.

మొన్నటి ప్రపంచ యుద్ధానికి కొంచెం ముందు, మా తాలూకాలకు దగ్గరి మిషన్ ఆసుపత్రికి ఆ దగ్గుకు సూదిమందు సీసాలు వచ్చాయి. అక్కడి డాక్టరమ్మ దొరల సీమ నుంచి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, తెలుగు అంతా బైబిలులో నేర్చుకుంది. చుట్టుపక్కల నాలుగు పల్లెల పిల్లలకు నెలకొకటి చొప్పున మూడు సూదులు వేయడానికి మనిషి కావాలంటే మా ఆఫీసరు నన్ను పంపాడు.

"ఇది మశూచి టీకా వంటిది కాదు" అని ఆమె మొదటి రోజే చెప్పింది. "ఎంత కాలము కాపాడునో నాకు తెలియదు. మీరు లెక్కలవారని వింటిని. ఏటేట పోయి విచారించి వ్రాసి పెట్టుడి."

అంతకంటే ఇష్టమైన పని నాకెవరు చెబుతారు? సూదులు వేశాను, తర్వాతి ఏళ్ళలో పుట్టినవాళ్ళకు కూడా వేస్తూ వచ్చాను. పాత అలవాటు ప్రకారం వాకిళ్ళమీద చుక్కలు పెట్టాను, గుండ్రాలు చుట్టాను. ఏటా ఒకసారి ఆ ఇళ్ళకు పోయి అడిగేవాణ్ణి.

"కూత వచ్చిందా అమ్మా?"

"రాలేదప్పా."

'లేదు' అని రాసేవాణ్ణి. నాలుగేళ్ళూ ఆ గడిలో 'లేదు' తప్ప మరో మాట లేదు. పుస్తకం తీసుకుపోయి డాక్టరమ్మకు చూపిస్తే ఆమె కళ్ళద్దాలు సరిచేసుకుని, "మీరు ఏమని అడుగుచున్నారు?" అంది. చెప్పాను. ఇంకేదో అడగబోయింది గాని, అంతలో కాన్పు కేసు వచ్చి లేచిపోయింది. నేను కూర్చుని ఆ ప్రశ్న పూర్తిగా విని రావలసింది. బండి పోతుందని వచ్చేశాను.

శారమ్మక్క అడిగిన మాట

ఆ నాలుగు పల్లెల్లో ఒకదాంట్లో శారమ్మక్క ఉండేది. అరవై ఏళ్ళ మనిషి, విధవరాలు. మిషన్ తరఫున ఇళ్ళకు వెళ్ళి ఆడవాళ్ళకు బైబిలు చదివి వినిపించేది, మిగిలిన వేళల్లో కొడుకుతో కలిసి రెండెకరాల కొర్రచేను చేసేది. ఆమె చెప్పకపోతే ఆ ఊర్లో సగం ఇళ్ళు నాకు తలుపు తీసేవి కావు. మనవళ్ళు ముగ్గురికీ నా చేతే సూదులు వేయించింది. పెద్దవాడు దావీదుకు అప్పుడు నాలుగో ఏడు.

నాలుగేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం ఆ ఊరి మీదుగా పోతుంటే నన్ను కేకేసింది.

"యాడికప్పా, మా వాకిలి దాటుకోని పోతాండావు? మజ్జిగ తాగి పో."

కూర్చున్నాను. ఇంట్లో పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆమె కూతురు ఎస్తేరు కాన్పుకు వచ్చి ఆడపిల్లను కన్నది. నలభై రోజులు దాటాయి. మార్త అని పేరు పెట్టారు.

"తూర్పు ఈదిలో కోరింత దగ్గు దిగింది" అంది శారమ్మక్క, నా చేతికి చెంబు ఇస్తూ. "అల్లుడు రేపు బండి కట్టుకోని వస్తానంటాండాడు. వాళ్ళ ఊర్లో దగ్గు ల్యాదంట. పంపిచ్చేదా, ఇంగొక నెల ఈడనే పెట్టుకునేదా? నువ్వు చెప్పు."

నేను తలెత్తి ద్వారబంధం చూశాను. మూడు చుక్కలు, చుట్టూ గుండ్రం. నా చేతితో పెట్టినవి.

"ఎందుకక్కా పంపడం? ఊరంతా దగ్గినా ఈ ఇంట్లోకి దాన్ని తెచ్చేవాళ్ళెవరు? ముగ్గురికీ సూదులు పడ్డాయి. నాలుగేళ్ళుగా రాస్తున్నాను, ఒక్కరికీ రాలేదు. ఆ దుమ్ములో, ఎండలో పసిదాన్ని బండెక్కించడం కంటే ఇక్కడే క్షేమం."

"అట్లయితే సరే. అల్లునికి కబురు చేస్తా. నీ లెక్క తప్పదు గదా."

దావీదు చెల్లెలిని ఎత్తుకుని బయటికి వచ్చాడు. మేనత్త కూతురే గాని చెల్లెలనే అనేవాడు. వాడు ఊరికే ఒకసారి దగ్గాడు. నేను విన్నాను. "దుమ్ము" అన్నాను. ఆ మాట ఎవరూ నన్ను అడగలేదు, నాకు నేనే చెప్పుకున్నాను.

ఆసుపత్రి వరండా

పద్దెనిమిది రోజులకు కమలాపురంలో కబురు తెలిసింది, శారమ్మక్క మనవరాలిని మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయారని. దొరికిన బండి ఎక్కి పోయాను.

పసిబిడ్డలకు కోరింత దగ్గు వస్తే కూత కూడా ఉండదు. అంత బలం ఉండదు వాళ్ళకు. నాలుగుసార్లు సన్నగా దగ్గి, ముఖం నల్లబడి, ఊపిరి ఆగిపోతుంది. నేను వరండా ఎక్కేసరికి మార్త అదే స్థితిలో ఉంది. డాక్టరమ్మ బిడ్డను అరచేతి మీద బోర్లా పట్టుకుని, వేలికి గుడ్డ చుట్టి గొంతులో తెమడ తీస్తోంది. ఎస్తేరు గోడ పట్టుకుని నిలబడింది. ఎంతసేపో తెలియదు. బిడ్డ ఏడ్చింది.

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ నన్ను అడిగింది, "ఆ ఇంటిలో ఎవరు దగ్గుచున్నారు?"

"ఎవరూ లేరమ్మగారూ. పిల్లలు ముగ్గురికీ సూదులు పడ్డాయి."

అప్పుడే వరండా చివర దావీదు దగ్గాడు. చెల్లెలిని వదిలి ఉండనని ఏడిస్తే వాణ్ణి కూడా వెంట తెచ్చారు. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది వరకు లెక్కపెట్టాను, అలవాటు కొద్దీ. ఆగాడు, మూతి తుడుచుకున్నాడు, మళ్ళీ గోళీలు ఆడుకోసాగాడు. కూత లేదు.

"ఎన్ని దినములనుండి?" అని అడిగింది డాక్టరమ్మ.

"వానికి కోరింత గాదమ్మా, ఉత్త దగ్గు. నెల దాటింది" అంది శారమ్మక్క.

డాక్టరమ్మ నన్ను కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "సూది వాని జబ్బును తేలిక చేసెను. జబ్బు రాకుండ చేయలేదు. నాలుగేండ్లు అయినది గదా. వానికి ఇది ఉత్త దగ్గు, ఈ శిశువునకు కాదు. మీరు కూతను మాత్రమే లెక్కించితిరి."

నేను పుస్తకం తెరిచాను. వరస వరసంతా 'లేదు', 'లేదు'. నేను అడగనిది నా పుస్తకంలో ఉండదు, నా పుస్తకంలో లేనిది లోకంలో లేదనుకున్నాను. మహానంది మిఠాయి అంగడి సందు అప్పుడు గుర్తుకొచ్చింది, తేలిగ్గా జబ్బుపడి నాలుగు రోజులు కొట్లో కూర్చున్న మనిషి.

శారమ్మక్క నా ఎదురుగా వచ్చి కూలబడింది.

"నీ గుండ్రాన్ని నమ్మినానప్పా."

తప్పయిపోయిందక్కా అన్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"తప్పని ఈడ కూచోని నువ్వు ఏడిస్తే దానికి ఊపిరొస్తాదా? నీకు వచ్చిన పని ఒకటే, లెక్కబెట్టేది. డాక్టరమ్మ దగ్గులెన్నో రాయమంటాంది. మా ఎస్తేరుకు కండ్లు నిలబడటంల్యా. లెయ్యి, పలక తీస్కో."

పది రోజులు సెలవు పెట్టాను. పొద్దున్నుంచి పొద్దుగూకే వరకు ఆ వార్డు కిటికీ పక్కన కూర్చుని, బిడ్డకు దగ్గు తెర వచ్చినప్పుడల్లా పలకమీద గీత గీశాను. ఊపిరి ఆగి నల్లబడితే ఆ గీతకు అడ్డగీత. తెర తగ్గిన వెంటనే, మళ్ళీ వచ్చేలోపల, ఎస్తేరు చెంచాతో చనుబాలు పోసేది. ఏ వేళ తెరలు ఎక్కువో పలక చూసి డాక్టరమ్మ పాలు పట్టే వేళలు మార్చింది. చేతనైన వైద్యం అంతే. ఈ జబ్బును చంపే మందు అప్పుడు ఎవరి దగ్గరా లేదు.

మొదటి రోజు పలక నిండింది. మూడో రోజు రెండో పలక కావలసి వచ్చింది. ఆ రోజు ఎస్తేరు నన్ను అడిగింది, "ఇంకెన్ని దినాలు చిన్నాయనా?" నోటిదాకా ఏదో సంఖ్య వచ్చింది. ఆడపిల్ల ధైర్యం కోసమైనా చెబుదామనిపించింది. "తెలీదమ్మా" అన్నాను. ఆ మాట పలకడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

ఏడో రోజు అడ్డగీతలు రెండే. తొమ్మిదో రోజు సాయంత్రానికి పలక కింది భాగం ఖాళీగా మిగిలింది. డాక్టరమ్మ పలక చేతిలోకి తీసుకుని, "ఈ ఖాళీ స్థలము నాకు మిక్కిలి ఇష్టముగా నున్నది" అంది. శారమ్మక్క మొదట నవ్వి, తర్వాత అక్కడే ప్రార్థనకు మోకాళ్ళమీద కూర్చుంది.

మళ్ళీ గడప గడపకూ

మార్త ఇంటికి పోయాక ఇంకా రెండు నెలలు దగ్గింది గాని బతికింది. నేను నాలుగు పల్లెలూ మళ్ళీ మొదటినుంచి తిరిగాను. ఈసారి కూత సంగతి అడగలేదు. "ఎన్ని రోజులు దగ్గినాడు?" అని అడిగాను. ఆ ఒక్క ప్రశ్నకు పుస్తకమంతా మారిపోయింది.

సూది పడి ఏడాది, రెండేళ్ళయిన పిల్లల్లో దగ్గినవాళ్ళను వేళ్ళు మడిచి లెక్కపెట్టగలను. మూడు నాలుగేళ్ళు దాటిన పిల్లల్లో ఎంతోమంది వారాల తరబడి దగ్గారు. పరుగెత్తారు, తిన్నారు, బడికి పోయారు, కూత మాత్రం లేదు. "అది దగ్గు కిందికి వస్తాదా అప్పా? నువ్వు ఎప్పుడూ అడగల్యా గదా" అన్నారు తల్లులు. ఇది నాలుగు పల్లెల పుస్తకం, శాస్త్రం కాదు. ఇంకోచోట ఇంకోలా ఉండవచ్చు.

సూది వృథా అని ఎవరైనా మీతో అంటే ఒప్పుకోకండి. సూదులు పడినవాళ్ళలో ఒక్కరూ నల్లబడలేదు, ఒక్కరూ పోలేదు. సూదులు పడని తూర్పు వీధిలో ఆ ఏడు ఇద్దరు పసివాళ్ళను పూడ్చారు. జబ్బు ముదరకుండా కాపాడేది ఎక్కువ కాలం ఉంటుంది. జబ్బు అంటకుండా, ఇంకొకరికి అంటించకుండా కాపాడేది అంతకంటే ముందే తగ్గిపోతుంది. ఈ రెండూ ఒకటే అని తల్లులకు చెప్పాను చూడండి, అదీ నేను చేసిన తప్పు.

చివరగా తడిగుడ్డ పట్టుకుని శారమ్మక్క వాకిలికి పోయాను, గుండ్రం తుడిచేయడానికి.

"ఏం పని అది?" అంది.

"అబద్ధం అక్కా ఇది. తుడిచేస్తాను."

"ముగ్గురికీ సూదులు ఏసినావా లేదా? మరి అబద్ధమెట్లయితాది? తుడిచేస్తే రేపు ఇంగొకడు వచ్చి మళ్ళా గుండ్రం చుట్టిపోతాడు. నీకు తెలిసినంత మటుకు నిజం రాయప్పా."

ఆలోచించాను. మా నాయన బొగ్గుగీత గుర్తుకొచ్చింది. గుడ్డ కొనతో గుండ్రంలో ఒకవైపు అంగుళం మేర చెరిపాను. కింద సూది పడిన సంవత్సరం రాశాను. ఆమె కొంచెం దూరం జరిగి చూసింది.

"ఆ సందేంది?"

"ఇంత కాలానికి దగ్గు అక్కడినుంచి లోపలికి రావచ్చు. ఇంట్లో పసిబిడ్డ ఉంటే, దగ్గేవాళ్ళు ఎవరైనా సరే, సూది పడినా పడకపోయినా, దగ్గరికి పోకూడదు."

"ఇది అర్థమయితాది" అంది. ఆ సాయంత్రమే వీధి వీధికీ తిరిగి అందరికీ చెప్పింది. నేను సంవత్సరమంతా తిరిగినా అంత బాగా చెప్పలేకపోయేవాణ్ణి. నాలుగు పల్లెల్లోనూ దగ్గు సూది గుండ్రాలన్నిటికీ సందులు పెట్టాను. మా ఆఫీసరు ఒకసారి చూసి, "చుట్టడం మరిచిపోయావా?" అన్నాడు. చెప్పాను. ఆయన నవ్వాడు గాని తుడిపించలేదు. దానికి ఆయన్ని ఇప్పటికీ తలుచుకుంటాను.

ఆఖరి తిరుగుడు

కిందటేడు పింఛనుకు ముందు ఆఖరిసారి ఆ పల్లెకు పోయాను. శారమ్మక్కకు చూపు తగ్గింది, నోరు తగ్గలేదు. "ఇంగ నీ గుండ్రాలు ఎవురు చెరుపుతారప్పా?" అని నన్ను చూడగానే మొదలుపెట్టింది. ఎస్తేరు రెండో కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. ఈసారి కొడుకు. ఇరవై రోజులవాడు, లోపల ఉయ్యాలలో ఉన్నాడు.

మార్త వాకిట్లో ఉంది. నాలుగేళ్ళు నిండాయి. నేను లోపలికి పోబోతే ఆ పిల్ల మాత్రం ద్వారబంధం పక్కనే, ఆ సందు పెట్టిన గుండ్రం కింద చాపమీద కూర్చుండిపోయింది.

"లోపలికి రావా అమ్మా? తమ్ముణ్ణి చూపించవా నాకు?"

"నేను రాను. నాకు దగ్గు ఉండాది. తమ్ముడు శానా చిన్నోడు."

ఒకసారి కోరింత పడినవాళ్ళకు మళ్ళీ రాదంటారు. అది ఎన్నాళ్ళో నేను రాసి చూడలేదు. ఆ పిల్లది ఉత్త జలుబే కావచ్చు. నాకు తెలియదు. ఆ సంగతి ఆ పిల్లకూ తెలియదు, అందుకే బయట కూర్చుంది.

సంచీలోంచి పుస్తకం తీశాను.

"ఎన్ని రోజులనుంచి దగ్గుతున్నావు?"

మార్త మూడు వేళ్ళు చూపించింది. కాసేపు ఆలోచించి, నాలుగో వేలు కూడా ఎత్తింది గాని పూర్తిగా చాపలేదు, సగానికి మడిచి పట్టుకుంది.

"అదేంది, ఆ సగం?"

"ఈ పొద్దు ఇంగా అయిపోల్యా గదా తాతా."

ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాను. ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో నా చేత్తో ఎక్కించిన ఆఖరి అంకె అదే. మూడున్నర.